ఒలీవ ఆకు మీది బూడిద

ఒక చెట్టుకు రోజూ టూత్‌బ్రష్‌తో ఒళ్లు తోమించిన ఘనత నాది. అదీ మామూలు చెట్టు కాదు, ఒలీవ చెట్టు. తోమింది మా పక్కింటి కాక. తోమమని చెప్పింది నేను. గోదావరిఖనిలో ఏళ్ల తరబడి పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నదాన్ని కాబట్టి మా వాడలో నా మాటకు విలువ ఉంది. ఆ విలువే కొంప ముంచింది.

కాక మాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా ఒకే బొగ్గుబాయిలో, ఒకే గ్యాంగులో పనిచేశారు. మా నాన్న రిటైరై ఊళ్లో పొలం చూసుకుంటున్నాడు. కాక మాత్రం మా పక్కింట్లోనే ఉండిపోయాడు. ముప్పై ఏళ్లకు పైగా భూమి కింద బతికిన మనిషి కావడం వల్లనో ఏమో, ఎండంటే ఆయనకు సుతరామూ పడదు. ఎముకలు బలహీనపడ్డాయని, పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోమని దవాఖానలో డాక్టరు చెప్పినా వరండా దాటేవాడు కాదు. చిన్నమ్మ, అంటే కాక భార్య, కుర్చీ తీసుకెళ్లి ఎండలో వేసేది. ఆయన దాన్ని మళ్లీ నీడలోకి లాక్కునేవాడు. రోజూ ఇదే తంతు.

అలాంటి మనిషి పోయినేడు వానాకాలంలో మంచిర్యాల వెళ్లి ఒక కుండీ ఎత్తుకొచ్చాడు. అక్కడ మొక్కల అమ్మకం పెట్టారట. ఏదో పూలమొక్క తెచ్చి ఉంటాడని నేను గోడ మీదుగా తొంగి చూశాను. మోకాలి ఎత్తు మొక్క, సన్నటి ఆకులు, ఎదురెదురుగా జంటలు జంటలుగా ఉన్నాయి.

“ఏంది కాకా ఇది?”

“ఒలీవ బిడ్డా! మేం బైబిల్ల చదువుతం గదా, జలప్రళయమప్పుడు పావురం తెచ్చిన ఆకు. గిన్నేండ్లు పేరు విన్న గని కండ్లతోని చూడలే. గిప్పుడు మనింట్లనే ఉన్నది, సూడు!”

ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. కాక వాళ్ల చర్చికి అప్పుడే కొత్త భవనం కట్టారు. గుమ్మం ముందు ఒక చెట్టు కోసం గుంత వదిలిపెట్టారు. ఏ చెట్టు పెట్టాలో పెద్దలు తేల్చుకోలేకపోతున్నారు. ఆ ఆదివారం, ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని కాక లేచి నిలబడి “గుంత నాకిడ్సిపెట్టున్రి. నేను ఒలీవ పెడ్త” అన్నాడట. వచ్చే ఏడు తొలి వానలకు నాటుదామని పాస్టరుగారు ఒప్పుకున్నారు. చిన్నమ్మ ఈ సంగతి చెబుతూ కళ్లు తుడుచుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఆయన పదిమందిలో మాట్లాడగా ఆమె వినడం అదే మొదటిసారి.

ఇక్కడ నేను రంగంలోకి దిగాను.

మా దగ్గర ఏ ఆకు పట్టుకున్నా వేలు నల్లబడుతుంది. బొగ్గు దుమ్ము, రోడ్డు దుమ్ము, బూడిద, ఏది ఎంతో ఎవరికీ తెలియదు. బట్టలు ఆరేసే ముందు తీగను తుడుస్తాం, తీసేటప్పుడు బట్టను దులుపుతాం. మొక్కల్ని తుడవడం కూడా మాకు ముఖం కడుక్కోవడమంత మామూలు పని. ఒలీవ ఆకు తిప్పి చూస్తే కింద వైపంతా బూడిద పూసినట్టు తెల్లగా ఉంది. లేత చిగుళ్లయితే పైనా కిందా అదే బూడిద.

“మంచిర్యాలల గూడ మన లెక్కనే దుమ్మున్నట్టుంది కాకా. పత్రరంధ్రాలు మూసుకుపోతే మొక్కకు ఊపిరాడదు. రోజూ తుడువు” అన్నాను, క్లాసులో చెప్పే గొంతుతో.

తడిబట్టతో తుడిచాడు. పోలేదు. నాకు పట్టుదల పెరిగింది. పాత టూత్‌బ్రష్ తీసుకొని, కుంకుడు నీళ్లలో ముంచి, మెల్లగా రుద్దమన్నాను. గిన్నెలో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. “చూసినవా, ఎంత దుమ్మో!” అని నేను గర్వపడ్డాను. కాక నన్ను నమ్మకంగా చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. టీచరు చెప్పింది కదా అని ఆయన ఒక్క రోజు తప్పకుండా, ఒక్కో ఆకునూ అరచేతిలో పెట్టుకొని తోమాడు. వానాకాలం, చలికాలం అంతా పెరట్లో పచ్చటి వల కింద, నీడలో, ఆ మొక్క కొత్త పెళ్లికొడుకులా స్నానాలు చేసింది.

చలి తగ్గాక నేను రెండో సలహా పారేశాను. “ఇది ఎండ దేశపు చెట్టు కాకా. నీడల ఎన్నిరోజులు పెడ్తవు? డాబా ఎక్కించు.”

ఎక్కించాడు. పది రోజులు తిరగకముందే ఆకులు అంచుల్లో పాలిపోయి, గోధుమరంగుకు తిరిగి, కాలిన అప్పడంలా ముడుచుకున్నాయి. చర్చి పెద్దల్లో ఒకాయన వచ్చి చూసి నొచ్చుకున్నాడు. “గీ నేలల గిది బతుకుతదా? బసంత్‌నగర్ కాడ అలంకారం తాటిమొక్క చూసిపెట్టిన. వానలు పడేటాళ్లకు గిది పచ్చగ లేకపోతే అదే పెడుదం, ఏమనుకోకు” అన్నాడు. ఆయన తప్పు లేదు. గుంత ఎన్నాళ్లని ఖాళీగా ఉంటుంది?

ఆయన వెళ్లాక కాక తన రెండు చేతులూ చూసుకున్నాడు. వాటి మీద నల్లటి చిన్న చిన్న మచ్చలున్నాయి. బొగ్గు గీరుకొని లోపలే ఉండిపోయిన మచ్చలు.

“నావి బొగ్గు చేతులు బిడ్డా. పచ్చటిదాన్ని ముడితే గింతే” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. ఇంటికొచ్చి, అన్నం కూడా పెట్టుకోకుండా, ఒలీవ గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే కోపం ఎటు పోయిందో! ఆ చెట్టు ఎంత గడుసుదో తెలిసేకొద్దీ నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఎండలో మనకు కనిపించే వెలుతురు ఒక్కటే ఉండదు. కనిపించని అతినీలలోహిత కిరణాలూ ఉంటాయి. అవి ఎక్కువగా పడితే ఆకు లోపలి వస్తువులు దెబ్బతింటాయి, కుదురులేని అణువులు పుట్టి చుట్టుపక్కల వాటినీ చెడగొడతాయి. మనమైతే నీడకు పరుగెత్తుతాం. చెట్టు ఎక్కడికి పోతుంది? అందుకే నిలబడ్డ చోటే వంట మొదలుపెడుతుంది. ఆ కిరణం తగిలిందన్న కబురు అందగానే ఫ్లేవనాయిడ్లనే పదార్థాలను తయారుచేసి ఆకు పైచర్మంలో నింపుతుంది. అవి అతినీలలోహితాన్ని మింగేసి, ఆకుకు అన్నం పెట్టే వెలుతురును మాత్రం లోపలికి వదులుతాయి. లోపలికి జొరబడ్డవాటి పని పట్టడానికి ఇంకొన్ని రసాయనాలుంటాయి. ఒలీవ ఆకుకు ఆ చేదునిచ్చేది కూడా ఆ కోవలోదే. చేదంటే చెట్టు చేసిన కష్టమన్నమాట! నేను గట్టిగా “అబ్బా!” అన్నాను. వంటింట్లోంచి మా ఆయన ఏమైందని పరుగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాతి వాక్యం దగ్గర నా కాళ్ల కింద నేల కదిలింది. ఒలీవ ఆకు మీద బూడిద రంగులో కనిపించేవి దుమ్ము కాదు, నూగు. కంటికి విడివిడిగా కనబడనంత చిన్న పొలుసులు. వాటిలోనూ ఆ కిరణాలను మింగే పదార్థాలే ఉంటాయి. లేత ఆకు తన వంట తాను నేర్చుకునేదాకా ఆ నూగే దానికి కాపలా.

మర్నాడు రెండు ఆకులు కోసుకొని బడికి పోయాను. ఒకటి బ్రష్షు తిన్నది. రెండోది, మొక్కను ఊతకర్రకు కట్టిన కట్టు కింద దాక్కొని, కాక కంట పడకుండా తప్పించుకున్నది. దాక్కున్న ఆకును గీరి మైక్రోస్కోపు కింద చూస్తే, ఎన్ని గొడుగులో! నిజంగా గొడుగులే. చిన్న కాడ, దాని మీద గుండ్రటి రేకు, అంచుకు అంచు తగిలేలా పరుచుకొని ఉన్నాయి. తోమిన ఆకు మీద రేకులు లేవు, విరిగిన కాడలు మిగిలాయి. నేను పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు. మా బడిలో అది వింతే.

కాకకు చెప్పాలి. కానీ ఎలా? నోటితో చెబితే “పోనీలే బిడ్డా” అంటాడు, నమ్మడు. కళ్లకు చూపించాలి. మా ఆయన కార్ల ఏసీలు బాగుచేస్తాడు. గ్యాసు ఎక్కడ కారుతుందో కనిపెట్టడానికి ఊదారంగు టార్చి ఒకటి వాడతాడు. అది ఈ కిరణాల టార్చే. కళ్లలోకి కొట్టుకోవద్దని పదిసార్లు హెచ్చరించి ఇచ్చాడు.

మధ్యాహ్నం కాక వాళ్ల ముందుగదిలో కిటికీలు మూశాం. అయినా వెలుతురు చాలదని దుప్పటి కప్పుకొని, ఇద్దరం దాని కింద ముందుకు వంగి కూర్చున్నాం. చిన్నమ్మ బయటి నుంచి “ఏం ఖేల్ ఇది, ఇంత ముసలితనంల” అని నవ్వుతోంది. చీకట్లో కాక ఎంత సుఖంగా ఉన్నాడో! నేను తడుముకుంటుంటే ఆయనే నా చేతిలోంచి ఆకులు తీసుకొని సరిగ్గా పెట్టాడు.

తోమిన ఆకు మీద టార్చి వేశాను. ఎర్రగా వెలిగింది.

“నెత్తురు లెక్క మెరుస్తుందేంది!” అని కాక ఉలిక్కిపడ్డాడు.

“ఆ కిరణం అడ్డం లేక లోపటికి పోయింది కాకా. లోపలున్న పత్రహరితం దాన్ని మింగి, ఎర్రటి వెలుతురు చేసి బయటికి కక్కుతుంది. ఇగ ఇది చూడు.”

దాక్కున్న ఆకు మీద వేశాను. ఎరుపు లేదు. మసక తెలుపు, నీలం కలిసిన పొగలాంటి రంగు మాత్రం ఉంది. కిరణం బయటే ఆగిపోయింది. కాక టార్చి తను తీసుకొని ఒకదాని మీద, ఇంకోదాని మీద, మళ్లీ మొదటిదాని మీద వేసి చూశాడు. ఎన్నిసార్లు వేశాడో. నాకు సంతోషం ఆగడం లేదు. పుస్తకంలో చదివింది మా పక్కింట్లో, దుప్పటి కింద, ఏసీ టార్చితో కనిపిస్తుంటే ఎలా ఆగుతుంది?

“అంటే... మనం రుద్దింది దుమ్ము గాదు” అన్నాడు చివరికి.

“కాదు కాకా. దాని గొడుగు.”

టార్చి ఆర్పి, “నేనే జర గట్టిగ రుద్దిన” అన్నాడు.

“తోమమని చెప్పింది నేను” అనాలి నేను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలకు సత్యం గురించి పాఠాలు చెప్పే నేను ఆ దుప్పటి కింద పిరికిదాన్నైపోయాను. ఆయనకు గుర్తు లేక కాదు. మా నాన్న చెప్పేవాడు, గ్యాంగులో కొత్తవాడు తప్పు చేస్తే పెద్దవాడు తన మీద వేసుకునేవాడట. మా నాన్న పనిలో చేరిన కొత్తలో పనిముట్టు లోపలే మరిచి పైకొస్తే, అడిగినవాళ్లతో కాక “నేనే ఉంచమన్న” అన్నాడట. నాన్న తర్వాత ఇప్పుడు ఆయన కాపాడింది నన్ను.

సిగ్గు సంగతి తర్వాత, ముందు చెట్టు బతకాలి. కొమ్మ గీరి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంది. ఎండ, వేడి, బ్రష్షు అన్నీ కలిసి ఆకుల్ని కాల్చాయి గాని ప్రాణం పోలేదు. మళ్లీ నీడలో దాచేద్దామా అంటే, కిరణం తగలకపోతే వంట మొదలవదు. ఒక్కసారిగా ఎండలో పెడితే వంట అయ్యేలోపే కాలిపోతుంది. నేను ఇది వివరిస్తుంటే కాక మధ్యలోనే అందుకున్నాడు.

“కొత్తోన్ని దింపంగనే బొగ్గు కాడికి తోలుతమా? ముందుగాల్ల ట్రైనింగు. తరువాత చిన్న పని. ఆ తరువాత అసలు పని. దీన్ని మనం సీదా బొగ్గు కాడికే తోలినం.”

అంతే, మర్నాటి నుంచి చెట్టుకు డ్యూటీ పడింది. పొద్దున ఒక గంట ఎండ, తర్వాత వల కింద. వారం తిరిగితే ఇంకొంచెం. బ్రష్షు బంద్, దుమ్ము పడితే పైనుంచి నీళ్లు చిలకరించడమే. పెరటి గోడ మీద కాక సుద్దతో గళ్లు గీశాడు. మస్టరట! బాయికి దిగేముందు హాజరు వేసేదాన్ని మా దగ్గర మస్టర్ అంటారు. చెట్టు ఎండలోకి వచ్చిన రోజు ‘పి’. కుండీని మోసి పక్కన నిలబడాలి కాబట్టి తనకూ ఒక గడి, అందులోనూ ‘పి’. ముప్పై ఏళ్లు నాగా తెలియని మనిషి, గడి ఖాళీగా ఉంటే ఊరుకుంటాడా? చిన్నమ్మ కుర్చీ ఇప్పుడు ఎవరూ లాగకుండానే ఎండలో ఉంటోంది. ఆకును కాల్చిన ఆ కిరణాలే కాక చర్మంలో ఎముకలకు కావాల్సిన విటమిన్ తయారుచేయిస్తాయని నేను చెబితే, ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

మూడు వారాలకు కొమ్మ చివర బియ్యపు గింజంత మొలక కనిపించింది. కాక కేక వేస్తే నేను చేతిలో గరిటెతోనే గోడ దూకినంత పని చేశాను. తెల్లగా, నూగుతో నిండుగా ఉంది. ముట్టుకోబోయి ఇద్దరం ఒకేసారి చేతులు వెనక్కి లాక్కున్నాం.

ప్రతి ఆదివారం దుప్పటి కింద పరీక్ష. కొత్త ఆకులు ముదిరే కొద్దీ, ఎండ గంటలు పెరిగే కొద్దీ, టార్చి కింద ఎరుపు తగ్గుతూ వచ్చింది. పోయిన వారం కంటే తగ్గిందా లేదా అని మేం క్రికెట్ చూసేవాళ్లలా అరిచేవాళ్లం. తర్వాత ఒక చిన్న ముక్క తుంచి చెరిసగం నమిలేవాళ్లం. వల కింద పెరిగిన పాత ఆకు మామూలు చేదు. ఎండకు ఆరితేరిన కొత్త ఆకు నాలుకను పట్టుకొని వదలలేదు. రుచి చూసి చెప్పడం శాస్త్రం కాదని నాకు తెలుసు, ముదురూ లేతా తేడా కూడా ఉండొచ్చు. అయినా ఆ చేదుకు మేం ఎగిరి గంతేశాం.

“మ్యాకల లెక్క నమలవడ్తిరి ఇద్దరు” అని చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది.

తొలి వానలు పడ్డాయి. ఆ ఆదివారం చర్చి ముందు గుంత చుట్టూ అందరూ చేరారు. కాక తెల్లచొక్కా వేసుకొని, కుండీని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. వెండిరంగు చిగుళ్లతో మొక్క నిండుగా ఉంది. పాస్టరుగారు రెండు మాటలు చెప్పమన్నారు.

“నడుమ ఎండింది. మీకందరికి ఎర్కే” అన్నాడు కాక. “చెట్టు తప్పు గాదు, నేల తప్పు గాదు. నాది. దుమ్మనుకొని రుద్ది పాడుచేసిన.”

నేను ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. ఆ చర్చి నాది కాదు, మాట్లాడే హక్కు లేదు. కానీ నెలల తరబడి గొంతులో ఉన్నది ఇక ఆగలేదు.

“కాదయ్యగారూ! రుద్దుమని చెప్పింది నేను. దుమ్మన్నది నేను. డాబా ఎక్కించుమన్నది నేను. కాక నా మాట విన్నడు, గంతే.”

అందరూ నా వైపు తిరిగారు. కాక కోపంగా చూశాడు.

“నిన్నెవరు మాట్లాడుమన్నరే? గ్యాంగుల మాట గ్యాంగులనే ఉండాలె!”

వెనక నిలబడ్డ రిటైరైన బాయి పనివాళ్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. కాక పెదాలు కూడా కదిలాయి.

మొక్క నాటారు, మట్టి తొక్కారు. అంతలో ఒకావిడ “అయ్యో, ఆకులకు బూడిద పట్టింది” అంటూ కొంగుతో తుడవబోయింది. “ముట్టకు!” అని కాకా నేనూ ఒకేసారి అరిచాం. కాక ఒక ముదురాకు తెంపి తాటిమొక్క చూసిపెట్టిన పెద్దాయన చేతిలో పెట్టాడు. “నములు.”

ఆయన నమిలి, ముఖం అష్టవంకర్లు పోయి, “థూ! గింత చేదా!” అని ఉమ్మేశాడు.

“గదే! గదే గావాలె!” అని కాక రెండు చేతులూ పైకెత్తాడు. పాస్టరుగారికి పెట్టాడు, వద్దన్నవాళ్లకూ పెట్టాడు. అందరూ ఉమ్ముతుంటే ఆయన మబ్బు విడిచిన ఎండలో నిలబడి పగలబడి నవ్వుతున్నాడు.

ఆ తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, కొత్తగా సున్నం వేసిన కాంపౌండు గోడ మీద గళ్లు గీశాడు. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చెట్టుకు ‘పి’ వేశాడు, తనకు ‘పి’ వేసుకున్నాడు. తర్వాత మూడో గడి గీసి సుద్ద నా చేతికిచ్చాడు.

“గ్యాంగుల నువ్వు గూడ ఉన్నవ్ గదా బిడ్డా. మస్టర్ వెయ్యి.”

మా నాన్న పనిచేసిన ఆ గ్యాంగులో ఆడమనిషి హాజరు ఎప్పుడూ పడలేదు. నా నోరింకా చేదుగా ఉంది, కళ్లు సరిగా కనబడటం లేదు. నా గడిలో ‘పి’ అని వంకరగా రాశాను.